దస్తర్ఖాన్ మీద లండన్ పటం



పోయిన బక్రీదు సెలవులకు మా పెద్దబ్బాయి హైదరాబాదు నుండి వస్తూ ఒక బరువైన అట్టపెట్టె తెచ్చాడు. "అబ్బా, ఇది ఆట. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడవచ్చు" అన్నాడు. ఆట అనగానే నా చేయి ముందుగా పాచికల కోసం వెదికింది. పాచికల విషయంలో మా ఫిఖహ్ పాఠాలు ఎంత కఠినంగా ఉంటాయో చదివినవారికి తెలుసు. పందెం సంగతి చెప్పనే అక్కరలేదు. పెట్టెలో పాచికలు లేవు, పేకముక్కలు లేవు, పావులూ లేవు. ఒక నగర పటం, ఒక చిరునామాల పుస్తకం, కొన్ని వార్తాపత్రికలు, పది కేసులు. అంతే. ఎవరో గుమాస్తా ఇల్లు ఖాళీ చేస్తూ వదిలిపోయిన కాగితాల కట్టలాగా ఉంది తప్ప, నా కంటికి అది ఆటలా కనిపించలేదు.

దాని పేరు 'షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్'. 1981లో అమెరికాలో వెలువడింది. రేమండ్ ఎడ్వర్డ్స్, సుజాన్ గోల్డ్‌బర్గ్, గ్యారీ గ్రేడీ అనే ముగ్గురు దాని రూపకర్తలు. జర్మనీలో ఏటా ఉత్తమమైన ఆటకు ఇచ్చే పురస్కారం 1985లో దీనికి లభించింది. ఆర్థర్ కోనన్ డోయల్ 1887లో లోకానికి పరిచయం చేసిన షెర్లాక్ హోమ్స్ కథల్లో, ఆయన కోసం లండన్ వీధుల్లో తిరిగి కబుర్లు మోసుకొచ్చే బీద పిల్లల దండు ఒకటి ఉంటుంది. ఈ ఆటలో మనమే ఆ పిల్లలం. యాభై దాటిన మౌల్వీని, ఒక్కసారిగా లండన్ వీధి బాలుణ్ణి అయ్యాను.

నాకు అపరాధ పరిశోధన కొత్త కాదని ఇక్కడ ఒప్పుకోవాలి. తమిళనాట అరబీ చదువుకుంటున్న రోజుల్లో, పరుపు కింద కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఉండేవి. ఇషా తరువాత దీపాలు ఆర్పేలోగా ఎన్ని పేజీలు చదవగలనో నాకు లెక్క ఉండేది. ఈ సంగతి మా పిల్లలకు మొన్నటి దాకా తెలియదు.

ఆట నడిచే తీరు ఇది. కేసు తెరిస్తే ముందుగా ఒక సంఘటన ఉంటుంది. మొదటి కేసులో ఆయుధాలు తయారుచేసే కంపెనీకి చెందిన ఒక పెద్దమనిషి హత్యకు గురవుతాడు. అక్కడి నుండి దారి మనదే. ఎవరిని కలవాలో మనమే నిర్ణయించుకోవాలి. ఒక పేరు తోచగానే చిరునామాల పుస్తకంలో వెదకాలి. పేరు పక్కన ఒక సంఖ్య, నగరంలో అది ఏ దిక్కునున్నదో తెలిపే అక్షరాలు ఉంటాయి. ఆ గుర్తు పటం మీద ఒక ఇంటికి, కేసు పుస్తకంలో ఒక భాగానికి చెందుతుంది. దానిని చదివితే ఆ ఇంట్లో ఎవరేమన్నారో తెలుస్తుంది. కొన్ని ఇళ్లకు అసలు ఏమీ రాసి ఉండదు. అంటే వృథాగా నడిచామన్నమాట. శవపరీక్ష చేసే వైద్యుడున్నాడు, స్కాట్లండ్ యార్డు పోలీసులున్నారు, వీలునామాలు భద్రపరచిన సోమర్‌సెట్ హౌస్ ఉంది, ఊరి గుసగుసలన్నీ తెలిసిన లాంగ్‌డేల్ పైక్ అనే ఆసామి ఉన్నాడు. ఆనాటి వార్తాపత్రికలో ఏ మూలనో ఒక చిన్న ప్రకటనలో ఆధారం దాగి ఉండవచ్చు. గడిచిన కేసుల పత్రికలను కూడా దాచుకోవాలి, అవి తరువాతి కేసుకు అక్కరకు రావచ్చు. గడియారంతో పని లేదు. 'ఇక చాలు, తెలిసిపోయింది' అని మనకు అనిపించినప్పుడు మనమే ఆగి, ప్రశ్నలకు జవాబులు చెప్పుకొని, ఆ పైన హోమ్స్ ఇచ్చే వివరణ చదువుకోవాలి.

ఈ 'ఇక చాలు' అనే చోటనే ఆట అంతా ఉంది.

మాకు శుక్రవారం మదరసా సెలవు. అందుచేత జుమేరాత్ రాత్రి భోజనాలయ్యాక దస్తర్ఖాన్ తుడిచి దాని మీదనే పటం పరిచాము. ఆంగ్లం కనుక మా అమ్మాయి చదివి తెలుగులో చెప్పింది. చిన్నవాడు, పదో తరగతి, పటం మీద వేలు పెట్టి వీధులు వెదికాడు. మా అమ్మీకి డెబ్బై ఎనిమిదేళ్లు. చేతిలో తస్బీహ్ తిప్పుతూ ఒక మూల కూర్చుని, అరగంటకొకసారి, "ఆ ఇంటి పనివాళ్లను అడిగారా?" అనేది. చిన్నవాడు నవ్వేవాడు. "దాదీ, పెద్ద పెద్ద వాళ్లున్నారు, ముందు వాళ్లను అడగనీ" అనేవాడు. నా భార్య ఎక్కువ మాట్లాడలేదు. నేను మాత్రం మూడో ఇంటికే నేరస్థుణ్ణి తేల్చివేశాను. అక్కడి నుండి చదివిన ప్రతి వాక్యమూ నాకు రుజువుగానే వినిపించింది. ఆ మనిషి మాట తడబడితే, చూశారా అన్నాను. తడబడకపోతే, ఎంత గడుసువాడో చూడండి అన్నాను. "ఏమండీ, ఇంకా ఇద్దరిని కలవలేదు" అని నా భార్య అంటే, అవసరం లేదు, జవాబులు చదవమన్నాను.

తప్పు. ఎలా తప్పో చెబితే ఆడబోయేవారి సరదా చెడుతుంది కాబట్టి చెప్పను. మా అమ్మాయి నన్ను ఏమీ అనలేదు. ఒక కాగితం తీసుకొని 'మనం వెళ్లని ఇళ్లు' అని పైన రాసి, కింద పేర్లు వరుసగా వేసింది. తొమ్మిది పేర్లు వచ్చాయి. కాగితాన్ని పెట్టెలో పెట్టి పడుకుంది.

మార్కుల పద్ధతి గురించి ఒక మాట. హోమ్స్ చాలా తక్కువ ఇళ్లు తిరిగి కేసు తేల్చివేస్తాడు. ఆయనకు 100 మార్కులు. ఆయనకంటే మనం అదనంగా తిరిగిన ప్రతి ఇంటికీ 5 మార్కులు తగ్గుతాయి. ఆయన దారి చదివితే, ఇంత కొద్ది ఆధారంతో ఇంత పెద్ద మాట ఎలా అన్నాడని మాకు విడ్డూరమే కలిగింది. ఇంకొకరిని అడిగి తెలుసుకున్నందుకు శిక్ష వేయడం ఇంట్లో పిల్లలున్న ఆటకు తగదని నా అభిప్రాయం. మా ఇంట్లో ఆ నిబంధనను కొట్టివేశాము. ఆట ఏమీ చెడలేదు, పైగా నిదానించింది. ఆడదలచినవారు కూడా అలాగే చేయవచ్చు.

రెండో కేసుకు నేను కొంత బుద్ధిగా కూర్చున్నాను. తేదీలు చూడడం నా వంతు చేసుకున్నాను. హదీసు చదువుకున్నవానికి ఇది అలవాటైన పని. ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తి నుండి విన్నానంటే, వారిద్దరూ ఒకే కాలంలో ఉన్నారా, ఒకే ఊరికి వెళ్లారా, కలిసే వీలుందా అని అస్మావుర్రిజాల్ గ్రంథాలు తిరగవేయడమే మా చదువులో సగం. హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ గారి ఉదంతం పిల్లలకు ఆ రాత్రి చెప్పాను. బగ్దాదు వజీరు వద్దకు ఒక పత్రం వచ్చింది. ఖైబర్ వాసులకు జిజ్యా మినహాయించినట్లు దైవప్రవక్త (స) పేరిట అందులో ఉంది, సహచరుల సాక్ష్యాలు కూడా ఉన్నాయి. ఖతీబ్ గారు చూసి ఇది కల్పితమన్నారు. ఎలాగంటే, సాక్షులలో ముఆవియా (ర) పేరుంది, ఆయన మక్కా విజయం నాడు, అంటే 8వ సంవత్సరంలో ఇస్లాం స్వీకరించారు. ఖైబర్ యుద్ధం 7లో జరిగింది. మరో సాక్షి సాద్ బిన్ ముఆజ్ (ర), ఆయన అంతకు రెండేళ్ల ముందే మరణించారు. చిన్నవాడు పటం మీది నుండి తల ఎత్తి, "వజీరుగారు అడిగారు కనుక సరిపోయింది అబ్బా, అడగకపోతే?" అన్నాడు.

ఈ చిన్నవాడి వల్లనే ఒక ఇబ్బంది కూడా వచ్చింది. రెండో కేసు తరువాత వాడు వీధిలో అందరి మీదా పరిశోధన మొదలుపెట్టాడు. ఎదురింటివారి గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులున్నవో, పక్కింటాయన రాత్రి ఎన్ని గంటలకు వచ్చాడో ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాడు. పిలిచి మందలించాను. అనుమానాలను, ఇతరుల గుట్టు వెదకడాన్ని అల్లాహ్ ఒకేచోట, హుజురాత్ సూరాలో, నిషేధించాడు. కాగితం మీది మనుషుల గుమ్మాలు ఎన్నయినా తట్టవచ్చు, బతికి ఉన్నవారి గుమ్మాల లెక్క మనకు వద్దన్నాను. నోటుపుస్తకం నాకిచ్చాడు. ఆ పేజీలు చించివేస్తుంటే, చెప్పుల లెక్క రాసిన పేజీ దగ్గర నా చేయి ఆగిపోయింది.

పంతొమ్మిదేళ్ల క్రితం మా మదరసా వసతిగృహపు భోజన ఖర్చుల డబ్బు నా వద్ద ఉండేది. ఒక రోజు 1,400 రూపాయలు కనిపించలేదు. అస్ర్ తరువాత పన్నెండేళ్ల పిల్లవాడొకడు నా గది గుమ్మం వద్ద నిలబడి ఉండగా చూసినవారున్నారు. ఆ వారమే వాడి కాళ్లకు కొత్త చెప్పులు వచ్చాయి. ఇంటి నుండి డబ్బు వచ్చే పిల్లవాడు కాదు. నాకు ఇంకేమీ అక్కరలేకపోయింది. నేను వాడి మీద చేయి చేసుకోలేదు, అందుకు చాలాకాలం నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అందరి ఎదుట నిలబెట్టి అడిగాను, అంతే. వాడు తల వంచుకొని మాట్లాడలేదు. మౌనంగా ఉన్నవాని నోట మాట పెట్టరాదనే ఫిఖహ్ సూత్రం ఆ ఏడే తరగతిలో బోధించాను. అయినా వాడి మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాను. తండ్రి వచ్చి పెట్టె భుజాన వేసుకొని కొడుకును వెంటబెట్టుకు పోయాడు.

దాదాపు నలభై రోజుల తరువాత హాజరు రిజిస్టరుకు వేసిన ఖాకీ అట్ట చిరిగితే మార్చబోయాను. అట్టకూ కాగితానికీ నడుమ నోట్లు ఉన్నాయి. పెట్టింది నేనే. ఎప్పుడో తొందరలో అక్కడ దోపి మరచిపోయాను. పిల్లలందరి ముందు నా తప్పు చెప్పుకున్నాను, కానీ వినవలసిన పిల్లవాడు అక్కడ లేడు. తండ్రికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. నేను స్వయంగా వెళ్లి ఉండవలసింది. వెళ్లలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక పెట్టె తెరిచి మా అమ్మాయి రాసిన కాగితం చూశాను. మనం వెళ్లని ఇళ్లు. ఆ పిల్లవాడికి చెప్పులు ఎవరు కొనిచ్చారని ఆనాడు నేను ఎవరినీ అడగలేదు. నా గది గుమ్మానికి ఎందుకు వచ్చావని కూడా అడగలేదు. డబ్బు ఏమి చేశావని మాత్రమే అడిగాను.

పాత విద్యార్థుల ద్వారా విచారిస్తే వారంలోనే తెలిసింది. కడపలో మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. పోయిన నెల ఒక శుక్రవారం తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లాను. చేతులకు నూనె, గడ్డంలో అక్కడక్కడ తెల్లదనం. చూడగానే గుర్తుపట్టి, "ఉస్తాద్" అని లేచి నిలబడ్డాడు. చేతులు తుడుచుకొని స్టూలు వేశాడు. నేను చెప్పవలసినది చెప్పాను. వింటూ ఒక చిన్న స్పానరును గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. చెప్పులు మేనమామ తెచ్చాడట. నా గదికి వచ్చింది జ్వరానికి మాత్ర అడగడానికట. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. టీ తెప్పించాడు.

కాసేపటికి, "ఇంతకూ డబ్బు ఎక్కడ దొరికింది ఉస్తాద్? ఇన్నేళ్లూ నాకు అదే సందేహం" అన్నాడు.

హాజరు రిజిస్టరు అట్టలో అని చెప్పాను.

తుడవడం ఆపాడు. "ఆ రిజిస్టరు రోజూ తరగతికి తెచ్చి, మళ్లీ మీ గదిలో పెట్టేది నేనే కదా" అన్నాడు.