పక్షం కన్న ప్రమాణం మిన్న

ప్రజాస్వామ్యానికి రాజకీయ పక్షాలు అవసరం. భావసారూప్యం గలవారు ఒక జెండా కింద చేరి తమ నాయకుణ్ణి సమర్థించడం దోషం కాదు. అయితే ఆ నాయకుడే అభియోగానికి గురైనప్పుడు, అతని అనుయాయులే న్యాయనిర్ణేతలుగా కూర్చోవలసి వచ్చినప్పుడు పక్షాభిమానానికి హద్దు ఎక్కడ? అమెరికా అధ్యక్షుల అభిశంసనలు ఈ ప్రశ్నను పదేపదే ముందుకు తెచ్చాయి.

అమెరికా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షునిపై అభియోగం మోపే అధికారం ప్రతినిధుల సభది. విచారించే అధికారం సెనేట్‌ది. ప్రతినిధుల సభలో సాధారణ ఆధిక్యం చాలు. సెనేట్‌లో హాజరైన వారిలో మూడింట రెండు వంతుల మంది దోషిగా నిర్ణయిస్తేనే అధ్యక్షుడు పదవి కోల్పోతాడు. నిష్పక్షపాతంగా న్యాయం చేస్తామని సెనేటర్లు విచారణకు ముందు ప్రత్యేకంగా ప్రమాణం చేస్తారు. కక్షతో అధ్యక్షుణ్ణి కూలదోయకుండా కాపాడే కవచం ఈ నిబంధన. కాని ఎవరూ తమ పక్షం గీసిన గీత దాటకపోతే, ఆ కవచం దోషిని కూడా కాపాడుతుంది.

1868లో ఆండ్రూ జాన్సన్‌ను తొలగించడానికి సరిపడిన బలం రిపబ్లికన్లకు సెనేట్‌లో ఉంది. అయినా ఏడుగురు రిపబ్లికన్లు ఆయన నిర్దోషి అన్నారు. 35-19 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో ఆయన పదవి నిలిచింది. చాలని కారణాలతో ఒక అధ్యక్షుణ్ణి తొలగిస్తే, ఇకపై సభతో విభేదించే ఏ అధ్యక్షునికీ రక్షణ ఉండదని వారిలో ఒకరైన లైమన్ ట్రంబుల్ వాదించాడు.

1999లో బిల్ క్లింటన్‌ను దోషి అన్న డెమొక్రాట్ సెనేటర్ ఒక్కరూ లేరు. 2020లో డొనాల్డ్ ట్రంప్‌ను దోషి అన్న రిపబ్లికన్ సెనేటర్ మిట్ రామ్నీ ఒక్కరే. 2021లో ఏడుగురు రిపబ్లికన్లు గీత దాటినా 57 ఓట్లే పడ్డాయి, కావలసినవి 67.

తన పక్షంతో కలిసి ఓటు వేసిన ప్రతివారూ అన్యాయం చేశారనరాదు. సాక్ష్యాలను తూచి చూచినా అదే నిర్ణయానికి రావచ్చు. నిందితుడు ఎదుటి పక్షంవాడైనా ఇదే తీర్పు చెప్పేవాడినా అని ప్రశ్నించుకోవడమే ఇందుకు గీటురాయి.

కురుసభలో ద్రౌపది పక్షాన ప్రశ్నించిన వికర్ణుడు పరాయివాడు కాడు, దుర్యోధనుని తమ్ముడే. సోదరులను విడువకుండానే వారి అధర్మాన్ని అధర్మమన్నాడు. అందుకు కర్ణుని చేత నిందలు పడ్డాడు.

నేటికీ ఆ మూల్యం తప్పడం లేదు. 2021లో ట్రంప్ అభిశంసనకు ఓటు వేసిన పదిమంది రిపబ్లికన్ ప్రతినిధులలో నలుగురు 2022 ఎన్నికలలో పోటీ చేయలేదు. నలుగురు సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలలోనే ఓడారు. ఇద్దరే మరల గెలిచారు. ప్రతినిధి ధైర్యానికి ఓటరే ఆధారమని ఈ లెక్క చెబుతుంది. తన ఇష్టానికి భిన్నంగా నడిచిన ప్రతినిధి చెప్పే కారణాలను ఓపికగా వినగల ఓటరు ఉన్నచోటనే న్యాయానికి నిలువనీడ దొరుకుతుంది.