చీరకు ఆడి తళ్ళుబడి కావాలి, కారుకు మాత్రం వద్దా?

ఈసారి కాస్త ఘాటుగానే రాస్తున్నాం. పెద్దలు కోపగించుకున్నా ఫర్వాలేదు, చివరిదాకా చదివి కోపగించుకోండి.

తరతరాలుగా చెన్నైలో ఉంటున్నందుకు మనకు రెండు పంచాంగాలు అంటుకున్నాయి. ఆషాఢంలో బండి కొనకూడదు, అది మన అమ్మమ్మల మాట. సరే, శ్రావణం వచ్చింది కదా అంటే, "ఆడి ఇంకా పోలేదే" అంటారు ఎదురింటివాళ్ళు. అదీ మనకు పట్టింపే! అలా జూన్ చివర మొదలైతే ఆగస్టు సగం దాకా కొనుగోలు లేదు. తర్వాత మహాలయ పక్షం. డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. ఇవన్నీ తీసేస్తే మనకు మిగిలేది ఉగాది, అక్షయ తృతీయ, విజయదశమి, ధనత్రయోదశి. ఊరంతా అవే రోజులకు బండి కావాలంటుంది. ఆ వరుసలో నిలబడి "ఇంకేమైనా తగ్గించు బాబూ" అంటే ఎవడు తగ్గిస్తాడు? వాడి వెనక ఇంకో ఇరవైమంది కొబ్బరికాయలు పట్టుకుని నిలబడి ఉంటే!

ఇక్కడే మాకు ఒళ్ళు మండేది. అదే ఆడి నెలలో టీ నగర్ రంగనాథన్ వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు. ఆడి తళ్ళుబడి అని బోర్డు చూస్తే మన ఇళ్ళవాళ్ళే ముందు. చీరలు, గిన్నెలు, మిక్సీలు అన్నీ కొంటాం. అప్పుడు అడ్డురాని శూన్యమాసం పది లక్షల కారు దగ్గరే ఎందుకు అడ్డొస్తోంది? జనం కొనని నెల కాబట్టే కదా బట్టల కొట్టువాడు ధర తగ్గించాడు. కారు డీలరుదీ అదే బాధ.

డీలరు బండ్లను చాలావరకు బ్యాంకు అప్పుతో తెచ్చి యార్డులో పెట్టుకుంటాడు. అమ్ముడుపోయేదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా కంపెనీ పెట్టిన నెలవారీ టార్గెట్. 2024 సెప్టెంబరులో డీలర్ల సమాఖ్య ఫాడా లెక్క ప్రకారం 80 నుంచి 85 రోజుల అమ్మకానికి సరిపడా కార్లు దేశమంతటా నిలిచిపోయాయి. అమ్మకాలు పడిపోవడానికి పితృపక్షం కూడా కారణమని వాళ్ళే చెప్పారు. అంటే మన పట్టింపు వాళ్ళ లెక్కల పుస్తకంలో ఉంది, మన జేబు లెక్కలోనే లేదు.

డిసెంబరు సంగతి ఇంకా విచిత్రం. ఆ ఏడాది తయారైన బండి జనవరి వచ్చేసరికి "పోయినేడాది బండి" అయిపోతుంది. అందుకే డిసెంబరు చివరి పది రోజులు డీలరు మెత్తబడతాడు. జనవరి నుంచి ధర పెంచుతున్నామని కంపెనీలు ప్రకటించడం దాదాపు ఏటా చూస్తున్నదే. మన రాష్ట్రంలో ఇంకో చిక్కు ఉంది: కారు ధర పది లక్షలు దాటితే రోడ్డు టాక్సు 13 శాతం కాస్తా 18 అవుతుంది. తొమ్మిది లక్షల తొంభై వేల బండి కొత్త ఏడాదిలో రెండు శాతం పెరిగిందంటే, టాక్సు దగ్గరే యాభై వేల పైమాట. మనమేమో సరిగ్గా ఆ నెలే ఇంట్లో కూర్చుని సంక్రాంతి కోసం ఎదురుచూస్తాం.

"2025లో నవరాత్రులకు ఆగినవాళ్ళే కదా బాగుపడింది" అని కొందరంటారు. నిజమే. ఆ సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. అది జీఎస్టీ కౌన్సిల్ పెట్టిన ముహూర్తం, మన సిద్ధాంతిగారు పెట్టింది కాదు. ఏటా రాదు.

పండగ ఆఫర్లు ఉండవా అంటే, ఉంటాయి. కానీ పేపర్లో వేసిన ఆఫరు అందరికీ ఇచ్చేది. దానిపైన డీలరు తన చేతినుంచి ఇచ్చేది రద్దీ లేని నెలలో, అదీ నెలాఖరులో దొరుకుతుంది.

డిసెంబరు బండికి ఒక లోటు ఉంది, దాచం. ఆర్‌సీలో తయారైన నెల, ఏడాది ఉంటాయి. జనవరిలో రిజిస్టర్ చేసినా అవి మారవు. మూడేళ్ళలో అమ్మేసేవాళ్ళకు ఆ ఒక్క ఏడాది తేడా తగులుతుంది, వాళ్ళు రాయితీ గట్టిగా అడగాలి, లేదా మానుకోవాలి. మనలో ఎక్కువమంది పదేళ్ళు నడిపేవాళ్ళమే. ఎన్నాళ్ళుగా యార్డులో ఉందో అడిగి, టైర్లు, బ్యాటరీ చూసుకుంటే చాలు.

ఇక శాస్త్రం. ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి తిరుప్పావై చదువుతాం, వైకుంఠ ఏకాదశికి పార్థసారథి కోవెల ముందు బారులు తీరుతాం. దేవుడికి పనికొచ్చిన నెల మన కారుకు పనికిరాదా? ఆడిలోనూ పదునెట్టాం పెరుక్కు నాడు బంగారం కొనేవాళ్ళు ఎందరు లేరు! అంతకీ మనసొప్పకపోతే బిల్లు, రిజిస్ట్రేషన్ డిసెంబరులోనే చేయించండి, పూజ సంక్రాంతి వెళ్ళాక చేసుకోండి. ఒట్టి అడ్వాన్సు మాత్రం కట్టి ఊరుకోకండి, ఆ నెల రాయితీ ఆ నెల బిల్లుకే.

నలభై వేలు ఒక లెక్కా అనేవాళ్ళకు: ఆ నలభై వేలూ తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్ళ లోనులో కలిస్తే కట్టేది దాదాపు 55 వేలు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలే ఇలాంటి లోన్లు తీసుకుంటున్నారు. ముహూర్తం చెప్పేది పెద్దలం, ఈఎంఐ కట్టేది వాళ్ళు.

కాబట్టి ఒక పని చేద్దాం. ఈ ఏడాదిలో కారు కొన్నవాళ్ళు పేరు, ఫోను నంబరు చెరిపేసి ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం సంఘం గ్రూపులో పెట్టండి. ఏ మోడలు, ఏ తేదీ, ఎంత తగ్గించారు, ఇన్సూరెన్సు ఎంత వేశారు, "హ్యాండ్లింగ్" పేరుతో ఏమైనా గుంజారా, అన్నీ కనబడాలి. ధనుర్మాసంలో కొనదలచినవాళ్ళు ముందే చెబితే, ముగ్గురు నలుగురం కలిసి ఒకే డీలరు దగ్గరికి డిసెంబరు ఆఖరి వారంలో వెళ్దాం.