ఎముకకు మందు... దవడకు జాగ్రత్త!

వారానికి ఒకే మాత్ర. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. ఆ తర్వాత అరగంట దాకా నడుం వాల్చకూడదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ నియమాలు అందరికీ కంఠతా వచ్చేస్తాయి. అయితే ఈ మాత్ర సంగతి పళ్ల డాక్టరుకూ చెప్పాలని చాలామందికి తెలియదు.

అలెండ్రొనేట్, రైసెడ్రొనేట్ మాత్రలు, జోలెడ్రొనిక్ యాసిడ్ ఇంజెక్షన్... వీటిని బిస్‌ఫాస్ఫొనేట్లు అంటారు. ఎముకలో పాతదాన్ని తొలిచే కణాలు ఒక రకం, కొత్తదాన్ని పేర్చేవి మరో రకం. ముట్లుడిగాక తొలిచే పని ఎక్కువై, పేర్చే పని వెనకబడుతుంది. ఈ మందులు తొలిచే కణాలకు కళ్లెం వేస్తాయి. దాంతో తుంటి, వెన్నుపూసలు విరిగే ముప్పు తగ్గుతుంది.

చిక్కల్లా దవడ దగ్గరే. పన్ను పీకిన గుంత సరిగా పూడాలంటే ఆ తొలిచే కణాలూ పనిచేయాలి. వాటికి కళ్లెం పడితే, అరుదుగా కొందరిలో గాయం మానదు. చిగురు కింది ఎముక బయటపడుతుంది. నొప్పి, చీము, దుర్వాసన మొదలవుతాయి. అలా ఎనిమిది వారాలు దాటినా మానకపోతే ఈ జబ్బేనని అనుమానించాలి. అమెరికాలోని మయామికి చెందిన నోటి శస్త్రచికిత్స నిపుణుడు రాబర్ట్ మార్క్స్ 2003లో ఇలాంటి 36 కేసులను వెల్లడించాకే వైద్యలోకం దీన్ని గట్టిగా పట్టించుకుంది.

మరి అందరూ భయపడాలా? అక్కర్లేదు. ఎముకల పటుత్వం కోసం మామూలు మోతాదులో వాడేవారిలో ఇది పదివేల మందిలో ఏ కొద్దిమందికో వస్తుంది. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు పెద్ద మోతాదులో తరచూ ఇంజెక్షన్లు తీసుకునేవారిలో మాత్రం నూటికి ఒకరిద్దరికి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువమందికే రావచ్చు. డెనోసుమాబ్ ఇంజెక్షన్‌తోనూ ఈ ముప్పు ఉంది. మధుమేహం, స్టెరాయిడ్లు, పొగతాగడం, సరిగా అమరని కట్టుడు పళ్లు దాన్ని పెంచుతాయి.

అసలు ప్రమాదం మరోటుంది. ఈ కబురు విని మందు మానేయడం! తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. పైగా బిస్‌ఫాస్ఫొనేట్లు ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. నాలుగు రోజులు ఆపినంత మాత్రాన వాటి ప్రభావం పోదు. డెనోసుమాబ్ అయితే సమయానికి తీసుకోకపోతే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. కాబట్టి ఆపాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి.

చేయాల్సింది తేలికే. మందు మొదలుపెట్టకముందే పళ్లు చూపించుకోవాలి. పీకాల్సినవి ఉంటే పీకించుకుని, గాయం మానాకే మొదలుపెట్టడం మేలు. ఇప్పటికే వాడుతుంటే ఆరునెలలకోసారి పళ్ల పరీక్ష తప్పనిసరి. పళ్లు శుభ్రం చేయించుకోవడానికీ, సిమెంటు నింపించుకోవడానికీ భయం లేదు. పన్ను పాడైతే పీకకుండా రూట్ కెనాల్‌తో కాపాడుకునే వీలుందేమో అడగాలి.

అమ్మనో, అమ్మమ్మనో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఎముకల డాక్టరు రాసిచ్చిన మందుచీటీ కూడా వెంట తీసుకెళ్లండి. ‘ఏమేం మందులు వాడుతున్నారు?’ అని అక్కడ ఎవరూ అడగకపోయినా... మీరే చూపించండి.