మైదానంలోనూ వెలివాడేనా?

విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చేటప్పుడు న్యాక్ ఆటస్థలాలు, వ్యాయామశాలల వివరాలూ అడుగుతుంది. ఆ కోర్టుల్లో ఎవరు ఎవరితో ఆడుతున్నారన్నది మాత్రం లెక్కకు రాదు.

లెక్కకు వచ్చిన సందర్భం ఒకటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్షను విచారించిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. బోధన, పరీక్షలు, హాస్టళ్లు, మెస్సులతోపాటు ఆటల్లోనూ వారిని దూరం పెడుతున్నారని ఎత్తిచూపింది. దేశంలోనే పేరున్న వైద్య విద్యాసంస్థ అది. కొదవ మైదానానికి కాదు, జట్టులోకి రమ్మనే పిలుపుకు.

రాజ్యాంగంలోని 15(2) అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతోపాటు ప్రభుత్వ నిధులతో నిర్వహించే బహిరంగ స్థలాల్లోనూ కులం పేరిట ఆంక్షలను నిషేధించింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఆటస్థలం ఆ స్ఫూర్తికి వెలుపల ఉందనడం కష్టం. పైగా ఈ నిషేధం ప్రభుత్వానికే కాదు, తోటి పౌరులకూ వర్తిస్తుంది. అయితే ఊరి బావి దగ్గర అడ్డగింత కంటికి కనిపించేది. క్యాంపస్‌లో గేటుకు తాళం ఉండదు. సాయంత్రం జట్లు కట్టేటప్పుడు కొందరి పేర్లు ఎవరి నోటా రావు, అంతే. ‘మా స్నేహితులతో మేం ఆడుకుంటున్నాం’ అంటే ఏ సెక్షన్ కింద ఫిర్యాదు రాయాలి?

విశ్వవిద్యాలయాల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెప్పాయి. జట్ల ఎంపిక జాబితాలను ఆ విభాగం ఏటా తెప్పించుకుని, సామాజిక వివరాలతో సహా ప్రకటించాలి. కొత్త సింథటిక్ ట్రాక్ కోసం వినతిపత్రాలిచ్చే విద్యార్థి సంఘాలు ముందు ఈ జాబితా అడగాలి.