బాగైందని గోలీలు బంద్ చేయకండి

'మంచిగయ్యిండు కదా, ఇంకెన్ని రోజులు మింగాలె ఈ గోలీలు?' మానసిక జబ్బు నుంచి తేరుకుంటున్న మనిషి ఉన్న ఇంట్లో కొన్ని నెలలు తిరిగేసరికి ఈ మాట పుడుతుంది. ఒకసారి అమ్మ అంటుంది, ఒకసారి మేనమామ అంటాడు, చాలాసార్లు మందు మింగే మనిషే అంటాడు. మర్నాటి నుంచి గోలీల షీటు అటకెక్కుతుంది. సిద్దిపేట జిల్లా ప్రజలకు ఈ హెచ్చరిక అందుకోసమే. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల నుంచి వైద్యంతో కోలుకుని పొలానికి, మగ్గానికి, డ్యూటీకి తిరిగి వెళ్తున్నవారు మన మధ్యే ఉన్నారు. వాళ్లను మళ్లీ కింద పడేసే కారణాల్లో అన్నిటికంటే పెద్దది, డాక్టర్‌ను అడగకుండా మందు ఆపడం.

ఆపిన మర్నాడు ఏమీ కాదు. వారం గడిచినా చాలామందికి ఏమీ కాదు. పైగా మత్తు దిగుతుంది, మొహం తేటగా కనబడుతుంది, 'గోలీలే పాడు చేసినయ్, చూసినవా' అని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు. మోసం అక్కడే ఉంది. ఒంట్లో మందు నిదానంగా ఖాళీ అవుతుంది, జబ్బు కూడా అంతే నిదానంగా వస్తుంది. 2012లో లాన్సెట్ పత్రికలో 65 అధ్యయనాలను, దాదాపు 6,500 మంది స్కిజోఫ్రీనియా రోగుల వివరాలను కలిపి చూశారు. మందు కొనసాగించినవారిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది 100కి 27 మందికి. ఆపినవారిలో 64 మందికి. తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడానికి ఎక్కువ కాలం పట్టొచ్చు. కొందరు పాత స్థితికి రానే రారు.

మొదట దెబ్బ తినేది నిద్ర. అర్ధరాత్రి రెండింటికి లేచి వాకిలి ఊడుస్తుంటే, పాత దోస్తులందరికీ వరసగా ఫోన్లు చేస్తుంటే, పళ్లెం ముందు కూర్చుని కూర వాసన చూసి 'ఇందులో ఏం కలిపిండ్రు' అని పక్కకు నెడితే, అది మొండితనమని కసరకండి. జబ్బు గడప దాకా వచ్చిందని గుర్తు. ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్తే మోతాదు సరిచేయడంతో సర్దుకునే అవకాశం ఉంది. నెల ఆగితే అడ్మిషన్ దాకా పోవచ్చు.

మందు ఆపేవాళ్లందరూ మూర్ఖులేం కాదు. వాళ్ల కష్టం నిజమైంది. కొన్ని మందులతో చేతులు వణుకుతాయి. గొల్లభామ చీర మీద పోగు పోగూ లెక్కపెట్టి బొమ్మ ఎత్తే నేతగాడికి వేళ్లు వణికాయంటే ఆ రోజు కూలి పోయినట్టే. నాట్ల కాలంలో తెల్లవారుజామున లేవాల్సిన ఆడమనిషికి మత్తు పెద్ద శిక్ష. కొన్ని మందులు నెలసరిని ఆపేస్తాయి, ఒళ్లు పెంచుతాయి, మగవాళ్లకు పడకగదిలో ఇబ్బంది తెస్తాయి. ఇవి డాక్టర్‌తో చెప్పడానికి సిగ్గుపడి, చెప్పకుండానే మానేస్తున్నారు. చెప్తే మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు, వణుకు తగ్గే గోలీ ఇవ్వొచ్చు, రోజూ మింగే బాధ లేకుండా నెలకో సూదితో సరిపెట్టొచ్చు. ఓపీలో రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపించే డాక్టర్లకూ ఇందులో వాటా ఉంది. 'నిద్ర ఎట్లుంది, నెలసరి వస్తుందా' అని వాళ్లే అడగాలి.

ఇక పెళ్లి. సంబంధం కుదరగానే ఆడపిల్ల గోలీలు ఆపించడం మన దగ్గర గుట్టుగా సాగుతున్న ఘోరం. అత్తగారింట్లో షీటు కనబడితే పరువు పోతుందని బుగులు. కొత్త ఊరు, నిద్రలేని పెళ్లి రాత్రులు, పైన మందు లేదు. జబ్బు తిరగబెట్టడానికి ఇంతకంటే అనువైన సమయం ఉంటుందా? దాచిన జబ్బు బయటపడ్డాక, మోసం చేసి పెళ్లి చేశారంటూ హిందూ వివాహ చట్టం కింద పెళ్లి రద్దుకు కోర్టుకెక్కే వీలు అవతలివాళ్లకు ఉంది. ముందే చెప్తే ఒక సంబంధం తప్పిపోవచ్చు. దాస్తే పిల్ల బతుకే ఆగమవుతుంది. గర్భం విషయమూ ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ లాంటి మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. వాటిని ముందుగానే మార్చుకోవాలి. అట్లని అన్నీ ఆపేస్తే కాన్పు తర్వాత తల్లికి జబ్బు తీవ్రంగా తిరగబెట్టే ప్రమాదం పొంచి ఉంటుంది.

కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకోండి, పట్నం వేయించండి, అయ్యప్ప మాల వేసుకోండి. 41 రోజుల దీక్షలో గోలీ మింగితే తప్పని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి. గాలి సోకిందని, చేతబడి చేశారని తాయత్తులు కట్టి మందు మాన్పించేవాళ్ల గడప తొక్కకండి. పూర్వపు మెదక్ జిల్లాకు బాణామతి భయం కొత్త కాదు. జబ్బును జబ్బుగా చూడకపోతే పక్కింటి ముసలమ్మ మీద అనుమానం పడుతుంది, ఆ అనుమానం ఎంత దూరం పోతుందో మనకు తెలుసు. రోగిని గొలుసులతో కట్టేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి చెప్పింది. పాకకు నిప్పంటుకుంటే కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది.

కల్లు మాట చెప్పకపోతే తెలంగాణలో ఈ హెచ్చరిక సగమే. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపాం కలుపుతున్నారని ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. మానసిక జబ్బు మందు మీద ఆ కల్లు పడితే మత్తు మీద మత్తు, ఊపిరికే ముప్పు. అలవాటైన కల్లు ఒక్కసారిగా మానినా ప్రమాదమే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరసకట్టారు. ఫిట్స్ వచ్చినవాళ్లు, లేనివి కనబడుతున్నాయని కేకలు పెట్టినవాళ్లు. మానడం కూడా డాక్టర్ చేతుల మీదుగానే జరగాలి.

ఎండాకాలంలో లిథియం వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాల్సిన ఈ మందు 1.5 దాటితే విషంగా మారుతుంది. నీళ్లు తాగకుండా ఎండలో పని చేసినా, వాంతులు విరేచనాలు అయినా, బీపీ ఉందని ఉప్పు ఒక్కసారిగా మానేసినా ఆ పాళ్లు పెరుగుతాయి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కూడా అదే పని చేస్తాయి. చేతులు గట్టిగా వణికి, నడక తూలి, మాట ముద్దగా వస్తే రాత్రయినా సరే దవాఖానకు తీసుకెళ్లండి. క్లోజాపిన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. రెండు రోజులకు మించి ఆ గోలీ తప్పితే పాత మోతాదు సొంతంగా మళ్లీ మొదలుపెట్టకూడదు.

ఎన్నాళ్లు వాడాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే తగ్గాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు. మొదటిసారి వచ్చిన స్కిజోఫ్రీనియాకు ఏడాది, రెండేళ్లు. పదేపదే తిరగబెడితే ఏళ్ల తరబడి. ఆపే రోజు కొందరికి వస్తుంది. అప్పుడూ డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించి ఆపాలి. బీపీ గోలీ మరిచిపోతే తాతను కోప్పడే ఇంట్లోనే, ఈ గోలీ మానేసిన కొడుకును మెచ్చుకుంటున్నారు. ఇది మారాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్ర మానసిక జబ్బులున్నవారిలో 73 శాతానికి పైగా వైద్యం అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. మన లెక్క మనకైనా ఉండాలి కదా. 2018లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ సిద్దిపేటలోనే ఉన్నప్పుడు ప్రతి నెలా రాజీవ్ రహదారి పట్టుకుని ఎర్రగడ్డకు పోవాల్సిన అవసరం చాలామందికి రాకూడదు. అందుకు మందులు అయిపోకుండా చూసే పూచీ జిల్లా అధికారులది. నెల మందుకు రాని మనిషి ఇంటికి ఆశ కార్యకర్త వెళ్లి అడిగే ఏర్పాటు చేయాలి.

ఇవాళే ఇంట్లో గోలీల డబ్బా తెరిచి షీటు లెక్కపెట్టండి. ఎక్కువ మిగిలి ఉంటే కసరకుండా కారణం అడగండి, ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. అనుమానం ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. చచ్చిపోతానని మాట వస్తే, చెవిలో ఆజ్ఞలు వినిపిస్తున్నాయంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి 108కి ఫోన్ చేయండి.