టీచరమ్మకి ఎన్ని ఓట్లు?

పదిహేనేళ్లుగా మా ఊరి తెలుగు సంఘానికి చందా కడుతున్నాను. రెండేళ్లు కోశాధికారిగా కూడా వెలగబెట్టాను. అంచేత, "ఇకమీదట సంఘాన్ని ప్రోగ్రాములే నడుపుతాయంకుల్" అని మొన్న ఉగాది సభలో మా కుర్రవాళ్లు చెబుతుంటే, పులిహోర పక్కన పెట్టి మరీ విన్నాను.

అధ్యక్షుడూ కార్యదర్శీ అక్కర్లేదట. నిబంధనలన్నీ బ్లాక్‌చెయిన్ మీద కోడ్‌గా రాసేస్తారట. చందాకి టోకెన్లు, టోకెన్లకి ఓట్లు. మెజారిటీ రాగానే డబ్బు దానంతటదే కదులుతుంది. దీని పేరు డావో.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. లెక్కలు అందరికీ కనిపించడం నాకు నచ్చింది. హాలు అద్దె రసీదు అడిగితే "మామీద నమ్మకం లేదా?" అని ముఖం మాడ్చుకున్న పెద్దల్ని చూసినవాణ్ణి. వారికి ఇది తగిన మందే. మందుంటే వైద్యుడు అక్కర్లేదంటేనే నాకు పేచీ.

2016లో ఇథీరియం మీద "ద డావో" అనే ఉమ్మడి నిధి పెట్టారు. సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ చేరింది. జూన్‌లో ఎవరో కోడ్‌లో లొసుగు పట్టుకున్నారు. పద్దులో కొట్టేసేలోపే మళ్లీ మళ్లీ సొమ్ము తీసుకునే వీలది. సుమారు 36 లక్షల ఈథర్ అలా మళ్లించేశారు. "కోడే చట్టం" అన్నవాళ్లు అప్పుడేం చేశారు? రోజుల తరబడి వాదించుకుని, జూలైలో పద్దు మార్చి సొమ్ము వెనక్కి తెచ్చారు. అంటే, ఆఖరికి తీర్పు చెప్పింది మనుషులే! ఒప్పుకోనివాళ్లు ఇథీరియం క్లాసిక్ అని వేరుకుంపటి పెట్టుకున్నారు. మన సంఘాల చీలికలు చూసినవాళ్లకి ఇదేమైనా కొత్త కథా?

2021 నవంబరులో అమెరికా రాజ్యాంగం తొలి ముద్రణ ప్రతి ఒకటి కొనాలని, కాన్‌స్టిట్యూషన్‌డావో పేరుతో ముక్కూమొహం తెలియని వేలమంది కొద్దిరోజుల్లోనే 4 కోట్ల డాలర్లకు పైగా పోగేశారు. అది చిన్న సంగతి కాదు. కానీ వాళ్ల దగ్గర ఎంతుందో లోకమంతా చూస్తుండగానే వేలానికి వెళ్లారు, ఓడిపోయారు. చందా వెనక్కి తీసుకోబోతే, చిన్న మొత్తాలు ఇచ్చిన చాలామందికి లావాదేవీ రుసుములే దాన్ని మింగేశాయి.

నా అసలు అభ్యంతరం ఓటు దగ్గర. మా ఆదివారం బడి మొదలుపెట్టిన టీచరమ్మ డిపెండెంట్ వీసా మీద వచ్చింది. అప్పట్లో ఆవిడకి ఉద్యోగం చేసే హక్కు లేదు, ఇవ్వడానికి డాలర్లూ లేవు. టోకెన్ల లెక్కన స్పాన్సరు నగలకొట్టుకి వెయ్యి ఓట్లు, ఆవిడకి సున్నా. "పాఠం చెప్పిన గంటలకీ టోకెన్లిద్దాం" అన్నాడొక కుర్రాడు. గంటలు లెక్కపెట్టచ్చు నాయనా! "ళ" పలకలేక ఏడ్చే పిల్లవాడి పక్కన కూర్చున్న ఓపికకి కొలత ఎవరు రాస్తారు?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. సర్వర్లు ఒక ఫౌండేషన్‌వే అయినా, రాసేది ఎక్కడెక్కడి వాళ్లో. వాటాలు లేవు. ఎవరు ఏ అక్షరం మార్చారో చరిత్రలో కనిపిస్తుంది. తగువొస్తే చర్చించుకోవడానికి రచ్చబండ ఉంది. తెరిచిన పద్దు, మాట్లాడే మనుషులు, రెండూ కావాలి.

నేనూ కోడ్ రాసి బతికేవాణ్ణే. పద్దులు తెరవండి, సంతోషిస్తాను. కానీ మనిషికొక ఓటు అని మొదటి లైను రాయండి. తప్పు జరిగితే మొరపెట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలని రెండో లైను. మిగతాది నేనూ మీ పక్కన కూర్చుని రాస్తాను.