పట్టాకు రెండవ ప్రతి ఎక్కడ?

ధరూరు మండలములోని రేవులపల్లి వద్ద కృష్ణకు అడ్డముగా ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు నిలిచియున్నది. ఆ జూరాల బ్యాక్‌వాటరును గుడ్డెందొడ్డి వద్ద నెట్టెంపాడు ఎత్తిపోతల పంపులు పైకెత్తుచుండగా, ఒకప్పుడు వానకై ఎదురుచూచిన మెట్టభూములలో నేడు కాలువ పారుచున్నది. నీరు వచ్చిన పిమ్మట భూమికి విలువ పెరిగినది; విలువ పెరిగిన భూమికి పట్టా ప్రాణప్రదమైనది. ఆ పట్టా యిప్పుడెక్కడున్నదో విచారింపవలెను. 2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి యను భూరికార్డుల పోర్టల్ వచ్చినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వెలసినది. స్లాట్ బుక్ చేసికొన్న రైతు తహశీల్దారు కార్యాలయమున వేలిముద్ర వేసిన కొన్ని నిమిషములకే సర్వే నంబరు ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు మారుచున్నది. అతని చేతిలోని పాసుపుస్తకము కేవలము ప్రతిబింబము. మూలము సుదూరమున డేటా కేంద్రపు డిస్కులలో నున్నది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలును ముంచినది. అలంపూరును, రాజోలిని గూడ విడువలేదు. ఆ దినములలో శ్రీశైలమునకు వచ్చిన ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినది. ఇంటిలో తడిసి ముద్దయైన కాగితములకు బదులుగా మరల కాగితము నిమ్మని అడుగుటకు నాడు సామాన్యునకు కార్యాలయమనునది యొకటి మిగిలినది. కార్యాలయపు మూలమే నశించినచో అడుగవలసిన చోటే యుండదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున నిప్పంటుకొని భూముల దస్త్రములు దగ్ధమైనప్పుడు ఆ భయమెట్టిదో రాయలసీమ ప్రజలు చవిచూచిరి. కంప్యూటరులోనికి ఎక్కించితిమి గదా, ఇక భయమేల యని కొందరందురు. దక్షిణ కొరియా దేశమంత సాంకేతిక సంపన్నమైన రాజ్యములో, 2025 సెప్టెంబరు 26న, డేజాన్ నగరమందలి ప్రభుత్వ డేటా కేంద్రమున లిథియం బ్యాటరీలంటుకొని ఆరు వందలకు మించిన ప్రభుత్వ సేవలు స్తంభించినవి; ఉద్యోగులు దస్త్రములు దాచుకొను జీ-డ్రైవులోని 858 టెరాబైట్ల సమాచారము వెలుపల మరియొక ప్రతి లేనందున భస్మమైనది.

కావున దూరమున రెండవ ప్రతి యుండవలెను. ఇది అందరును ఒప్పుకొను మాటయే. అయితే ఆ ప్రతిని సిద్ధపరచుటలోని సూక్ష్మములను పాలకులు పట్టించుకొనరు. రెండుచోట్లను ఒకేసారి వ్రాసి, రెండింటి నుండియు జవాబు వచ్చిన పిదపనే పని ముగిసినట్లెంచుట ఒక పద్ధతి. ఇందులో ఒక్క అక్షరమును పోదు. కాని గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోగలదు గనుక, హైదరాబాదు నుండి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన భువనేశ్వరమునకు పోయివచ్చుటకు ప్రతి వ్రాతకును కనీసము ఎనిమిది మిల్లీసెకన్లు వేచియుండవలెను. దగ్గర కేంద్రమునకు ఈ పద్ధతి తగును. దూరకేంద్రమునకు తగినది, కొంత వెనుకబడి వ్రాయు రెండవ పద్ధతి. జూరాలకు వరద వచ్చినంత వేగముగా కాలువ పారదు గదా. మధ్యనున్న జలాశయము ఆ తేడాను భరించును. అట్లే రిజిస్ట్రేషన్లు ముమ్మరముగా నుండు గంటలలో పుట్టిన వ్రాతలు జర్నలు అను వరుసచిట్టాలో నిలిచి, తీగ ఖాళీయైన కొలది ఆవలికి పోవును. జర్నలు చిన్నదైనను, తీగ సన్నదైనను ఆవలి ప్రతి నిమిషములు కాదు, గంటలు వెనుకబడును.

అంతకన్న సున్నితమైనది వరుస. రెండెకరముల విక్రయమున అమ్మినవాని ఖాతాలో తగ్గుటయు కొన్నవాని ఖాతాలో చేరుటయు వేర్వేరు డిస్కు వాల్యూములలో నుండవచ్చును. వాల్యూములన్నింటిని ఒకే కట్టగా, ఒకే క్షణమువద్ద నిలుపునట్లు ముందుగానే అమర్చనిచో, ప్రమాదానంతరము ఆవలి కేంద్రమున ఆ రెండెకరములు ఇరువురికిని చెందక గాలిలో నిలుచును. అట్టి పట్టాపై ఏ బ్యాంకు అప్పిచ్చును?

మరియొక భ్రమ గలదు. నకలు నిరంతరము సాగుచున్నదన్న ధీమాతో బ్యాకప్పును మానుకొనువారున్నారు. పొరపాటున చెరిపినది ఆవలను చెరిగిపోవును. దుండగుడు తాళము వేసిన దస్త్రము తాళముతోనే ఆవలికి చేరును. 2024 జూలై చివర ఒక సాంకేతిక సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి జరుగగా దాదాపు 300 చిన్న బ్యాంకులను, సహకార, గ్రామీణ బ్యాంకులను, దేశ చెల్లింపుల వ్యవస్థ నుండి తాత్కాలికముగా విడదీయవలసి వచ్చినది. కాబట్టి దూరపు నకలుతోబాటు, నిన్నటి స్థితిని, మొన్నటి స్థితిని మార్పునకు లొంగకుండ దాచిన ప్రతులును, తీగతో సంబంధమే లేని ప్రతి యొకటియు నుండి తీరవలెను.

స్థలమునకు కొరత లేదు. ఢిల్లీ, పుణె, హైదరాబాదు, భువనేశ్వరములలో కేంద్ర ప్రభుత్వ సంస్థయైన ఎన్ఐసీ జాతీయ డేటా కేంద్రములు గలవు. పూర్వికుల ముందుచూపును గూడ మనమెరుగుదుము: శ్రీశైలము నీట మునుగవలసియున్న కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయికి సంఖ్య వేసి విప్పి, అలంపూరునకు తరలించి మరల నిలిపిరి. ఆ పనిలో కొనియాడవలసినది తరలించుట మాత్రమే కాదు. ఆ రాళ్లు తిరిగి గుడియై నిలిచినవని కన్నులార చూచుట. మన డేటా విషయమున లోపించుచున్నది ఆ చివరి మెట్టే. కీలక వ్యవస్థలకు కనీసము ఆరు నెలలకొకసారి డీఆర్ డ్రిల్, అనగా ప్రమాదానంతర పునరుద్ధరణ కసరత్తు, జరుపవలెనని రిజర్వు బ్యాంకు తన పరిధిలోని సంస్థలకు విధించినది. రూపాయికి గల ఈ రక్ష భూమికేల యుండరాదు?

నేను కోరునది ఇది. ఏటా వానకాలమునకు ముందొకసారి, తిరిగి యాసంగిలో నొకసారి, ముందుగా ప్రకటించిన దినమున, భూభారతి ప్రధాన కేంద్రమును ఆపి, రాష్ట్రమందలి తహశీల్దారు కార్యాలయములన్నింటిని పూర్తి పనిదినము దూరకేంద్రముపైననే నడిపింపవలెను. సేవ ఎన్ని నిమిషములకు మరల లేచినది, ఎన్ని నిమిషముల వ్రాతలు వెనుకబడినవి, ధరూరులో ఆ దినము స్లాట్ తీసికొన్నవారి రిజిస్ట్రేషన్లు సాయంత్రమునకు మూలకేంద్రములో సరిగా చేరినవా లేదా యన్నది మండలమువారీగా మరునాటి పత్రికలలో ప్రకటింపవలెను.